తలుపు మూసినవాడి మార్కులు

మనిషి మనసు లోతు తెలుసుకోవడం దేవుడి తరం కూడా కాలేదు గానీ, భద్రతా నిర్ధారణ విభాగం వారు దాన్ని నలభై రెండు ప్రశ్నల్లో కొలిచి, కింద ముద్ర కూడా వేసిస్తారు. ఆ మానసిక ఆసుపత్రిలో ఏ రోగికి ఎన్ని తాళాలు కావాలో తేల్చేది ఆ కాగితమే. ఇరవై మార్కుల లోపు వస్తే ఊళ్లోని కింది వార్డుకు పంపుతారు, అక్కడ తలుపులు తీసే ఉంటాయి. ఇరవై దాటితే ఉన్నచోటే. ముప్పై దాటితే పై వార్డు. (మార్కులు ఎక్కువొచ్చాయని ఏడ్చే పరీక్ష లోకంలో ఇదొక్కటే.)

వడ్రంగి మేస్త్రీ ఎనిమిదేళ్ల కిందట, చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారని ఎదురింటి కిటికీలన్నీ పగలగొట్టి ఇక్కడికొచ్చాడు. మందులు పడ్డాయి, మాటలు ఆగాయి. ఆరేళ్లుగా ఎవరినీ పల్లెత్తు మాట అన్నది లేదు. కింది వార్డు ఉన్నది మేస్త్రీ అక్క ఉండే వీధి చివరే. అక్కడికి మారితే ప్రతి ఆదివారం అక్క ఇంట్లో భోజనం చేయొచ్చు. మోకాళ్ల నొప్పులతో రెండు బస్సులు మారి వచ్చే అక్క, "ఈసారైనా వచ్చెయ్‌రా, ఇంక నావల్ల కాదు" అంది. మేస్త్రీకి ఇంకే కోరికా లేదు.

పోయినసారి ఇరవై ఒకటి వచ్చాయి. కారణం పద్నాలుగో ప్రశ్న: 'తెరిచిన తలుపు ఎదురైతే రోగి ఏం చేస్తాడు?' ఈ వార్డులో ఏ తలుపూ తెరవరు కాబట్టి ఆధారం లేదు. ఆధారం లేనందుకు జాగ్రత్త కోసం మూడు మార్కులు.

ఈసారి అదృష్టం తలుపు రూపంలోనే వచ్చింది. వెనక వరండా తలుపుకి పై మడత బందు వదులై, గడియ పడటం మానేసింది. మేస్త్రీ వెంటనే కాపలావాడికి చెప్పాడు. "అర్జీ పెట్టాం మేస్త్రీ, వస్తారు" అన్నాడతను. తొమ్మిది రోజులు ఎవరూ రాలేదు. మేస్త్రీ గడప దాటలేదు గానీ, తలుపు అలా వేలాడుతుంటే అన్నం సహించలేదు. పదో రోజు చెంచా కాడతో స్క్రూలు బిగించి, తలుపు మూసి, తను లోపలే ఉండిపోయాడు.

నిర్ధారణాధికారి వచ్చాడు. పక్కన వార్డు నర్సమ్మ కూర్చుంది.

"తలుపు తీసుందని నీకు తెలుసా?"

"తెలుసండీ. తొమ్మిది రోజులు."

"బయటికెళ్లావా?"

"లేదండీ. కాగితం మీదే వస్తానని అక్కకి మాటిచ్చాను."

అధికారి ముఖం విప్పారింది. మూడు మార్కులు కొట్టేశాడు. పద్దెనిమిది! నర్సమ్మ చాటుగా చేతులు జోడించింది.

"మరి తలుపునేం చేశావు?"

"బాగుచేశానండీ. ఇప్పుడు గడియ హాయిగా పడుతోంది" అన్నాడు మేస్త్రీ, ఎనిమిదేళ్ల తర్వాత దొరికిన గర్వంతో.

అధికారి కలం ఆగింది. 'తలుపులు, తాళాల విషయంలో జోక్యం చేసుకున్నాడా?' అవును: ఆరు. 'పరికరం వాడాడా?' చెంచా: నాలుగు.

"అయ్యా, ఆయన మూశాడండీ, తియ్యలేదు!" అంది నర్సమ్మ.

"తియ్యడం, మూయడం అని వేరే గడులు లేవమ్మా" అన్నాడు అధికారి, నిజంగానే బాధపడుతూ. "ఇరవై ఎనిమిది. పోనీ, ఉన్నచోటే ఉంటాడు. అసలు నీకెందుకయ్యా ఆ పని?"

"ఎవరైనా పారిపోతారేమోననండీ."

'పారిపోవడం గురించి ఆలోచిస్తున్నాడు': నాలుగు. మొత్తం ముప్పై రెండు. (కూడిక రెండుసార్లు సరిచూశారు, అన్యాయం జరగకూడదు కదా.)

శనివారం అక్క వచ్చింది. విషయం విని, "నువ్వెందుకు ముట్టుకున్నావురా, పిచ్చి సన్నాసీ!" అని నాలుక కరుచుకుంది. ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పై వార్డులో చూడనిచ్చేది మూడు నెలలకోసారి.

"చూస్తూ చూస్తూ ఎట్లా వదిలేస్తానే?" అన్నాడు మేస్త్రీ.

పై వార్డుకి మూడు తలుపులు. అందులో రెండింటికి ఏడాదిగా గడియ పడటం లేదు. మేస్త్రీ సోమవారం వస్తున్నాడని తెలిసి, అక్కడివాళ్లు మరమ్మతు అర్జీ వెనక్కి తీసుకున్నారు.