ద్వీప ద్రాక్ష అభివృద్ధి మండలి

"మద్యం వేళ్ళు సముద్రం మధ్యలో ఉన్నా సరే, స్వయంగా వెళ్ళి పరిశీలించి వస్తాను!" అని మద్యనిషేధ ప్రచార శాఖ మంత్రి పద్మనాభంగారు 2008 వేసవిలో అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో ఒక తెలుగువాళ్ళింట్లో ప్రకటించారు. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో సమోసాలు తింటున్న తెలుగువాళ్ళంతా ప్లేట్లు కింద పెట్టి చప్పట్లు కొట్టారు.

అందరికన్నా గట్టిగా కొట్టినవాడు ఉమాకాంత్. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. రాజకీయాలు పట్టవు గానీ అక్క అంటే ప్రాణం. అక్క రాధారాణి ఏజెన్సీ కొండల్లో టీచరు. మొగుడూ పిల్లలూ కాకినాడలో. చిన్నపిల్ల ఫోనెత్తి తల్లిని "ఎవరండీ?" అంటోందిట. మంత్రిగారు ఒక్క మాట చెబితే ట్రాన్స్‌ఫర్ అయిపోతుంది. అందుకే లీవ్ పెట్టి, మంత్రిగారినీ పి.ఎ. పాపయ్యనీ కారెక్కించుకుని రోజంతా డ్రైవ్ చేసి, ఫెర్రీలో అట్లాంటిక్‌లోని ఒక బుల్లి దీవికి తీసుకెళ్ళాడు.

అక్కడ లిండా అనే పెద్దావిడ సముద్రం ఒడ్డునే కాస్త నేలలో ద్రాక్ష పండించి వైట్ వైన్ చేస్తుంది. గ్లాసుల్లో కొంచెం పోసి, రుచి చూశాక బకెట్‌లో ఉమ్మేయమంది. ఉమాకాంత్ తెలుగులో చెప్పాడు.

మంత్రిగారు నొచ్చుకున్నారు. "ఆడకూతురు చేత్తో పోసింది ఉమ్మేస్తామా? మన సంస్కృతి ఏమైపోవాలి?" అని మింగేశారు.

"సార్, అది మద్యం," అన్నాడు ఉమాకాంత్ మెల్లగా.

"పాపయ్యా, మన శాఖ పోస్టర్లో మద్యం ఏ రంగు?"

"ఎరుపండి."

"మరి?"

సంస్కృతిని మంత్రిగారు సాయంత్రం దాకా కాపాడారు. మధ్యలో పాపయ్య గ్లాసునూ కాపాడారు. వైన్‌లో ఉప్పుగాలి తెలుస్తోందా అని లిండా అడిగితే కళ్ళు మూసుకుని, "మన తీరమంతా ఇదే గాలి. వృథాగా పోతోంది," అని బాధపడ్డారు. అక్కడికక్కడే ద్వీప ద్రాక్ష అభివృద్ధి మండలిని స్థాపించి, అధ్యక్ష పదవిని వినయంగా స్వీకరించారు.

"ఈ రకానికి చలి కావాలి. వాళ్ళ దగ్గర చలి ఉంటుందా?" అంది లిండా.

"సెక్రటేరియట్‌లో ఏసీ ఉందని చెప్పవయ్యా."

తిరుగు ఫెర్రీలో మంత్రిగారు రెయిలింగ్ రెండు చేతులా పట్టుకుని సముద్రాన్ని ప్రేమగా చూస్తున్నారు. అదే అదననుకుని ఉమాకాంత్ నోరు విప్పాడు.

"సార్, మా అక్కయ్యని కాకినాడ దగ్గరికి వేయిస్తే..."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "తోబుట్టువంటే అంత ప్రేమా! పాపయ్యా, రాసుకో. కాకినాడ దగ్గరికి."

మాట తప్పే మనిషి కారు. దసరా వెళ్ళగానే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆర్డరొచ్చి జాయినైపోయాన్రా."

ఉమాకాంత్ ఆనందం పట్టలేక ఆఫీసులోనే లేచి నిలబడ్డాడు. "కాకినాడేనా?"

"దగ్గరే. సముద్రంలో దీవి. మీ మంత్రిగారి మండలికి డెప్యుటేషన్ మీద వేశారు."

"బడెలా ఉంది?"

"బడీ లేదు, పిల్లలూ లేరు. ఇసకలో కర్రలు పాతారు, అంతే. పొద్దుగూకితే కాకినాడ దీపాలు మాత్రం బాగా కనిపిస్తాయి. మన ఇల్లు ఎటు ఉంటుందా అని చూస్తుంటా. పడవ వాళ్ళకి వీలైనప్పుడు వస్తుంది."

ఉమాకాంత్ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"సరేగానీ, రేపు మంత్రిగారు తొలిపంట కోతకి వస్తున్నారు. మార్కెట్‌లో కొన్న ద్రాక్ష బుట్టల్లో పంపి, కర్రలకి దారంతో కట్టమన్నారు. మీరు అక్కడ ఫోటోలు తీసుకున్నారుగా, ఒకటి మెయిల్ చెయ్యి. గుత్తులు ఎంత ఎత్తున వేలాడాలో తెలీడం లేదు. మంత్రిగారికి వంగకుండా అందాలిట."