కప్పు కింద మనిషి

పదిరోజులు అక్కగారింటికి వెళ్ళొస్తానంది భార్య. పటాలకు ఫ్రేములు కట్టుకుంటూ తీరిక దొరికితే కవితలు కట్టే కవిగారికి గుండె జారిపోయింది. స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుందో ఆయనకు ఇప్పటికీ సందేహమే!

వద్దంటే వినే మనిషి కాదు. నిరూపించి ఆపాలి.

సాయంత్రం కొట్లోంచి మూడు ఫ్రేములు మోసుకొచ్చి హాల్లో వరసగా నిలబెట్టారు.

"చూడవోయ్! ఇది పాత దేవత పటం. మంటపం కింద తల్లి, ముఖం నిండా ప్రశాంతత. ఇది మన ఊళ్ళో చైనీస్ నేర్పే మాస్టారు ఫ్రేముకిచ్చిన చైనా అక్షరం. పైన కప్పు, కింద ఆడమనిషి."

"కప్పు కిందా? సాసరేమైంది?"

"ఇంటికప్పు! మొత్తం కలిపితే 'శాంతి'. ఇక మూడోది నా కవిత." గొంతు సవరించుకున్నారు. "నువ్వు గడప లోపలుంటే, నా గుండెగోడకు మేకు దిగినంత నిబ్బరం!"

"మేకు దిగితే చిల్లు పడుతుంది గానీ నిబ్బరమేమిటండీ?"

"అసలు సంగతి చూడు! దేవత, చైనా, నేను... ముగ్గురం ఒక్కమాటే అంటున్నాం. ఇల్లాలు ఇంట్లో ఉంటేనే శాంతి!"

ఆవిడ దగ్గరకెళ్ళి మూడింటినీ పరీక్షగా చూసింది.

"పటంలో మగాడున్నాడా?"

"లేడు."

"అక్షరంలో?"

"ఊహూఁ."

"కవితలో?"

"నేనున్నాగా!"

"గడప లోపల నేనున్నాను. మీరెక్కడ?"

కవిగారు కవితను మరోసారి చదువుకున్నారు.

"బాగా అర్థమైందండీ. నేను వెళ్ళను. అక్కనే రమ్మంటా."

మర్నాడే అక్కగారు దిగింది. వెంట ఇద్దరు కూతుళ్ళు, ఒక అత్తగారు, ఏడు పెట్టెలు. కవిగారి దిండు కొట్టుకు చేరింది.

"మరిదిగారూ, తలుపు గట్టిగా వేసి వెళ్ళండి. శాంతి బయటికి పోతుంది!" అంది అక్కగారు.

కవిగారు రంపంపొట్టులో రెండు రాత్రులు తుమ్మాక, చైనీస్ మాస్టారు కొట్లోకి వచ్చాడు. కవిగారు ఎగిరి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"మాస్టారూ! కప్పు కింద మగాడుండే అక్షరమే లేదా?"

"ఎందుకు లేదు? పాతకాలపు రాతలో ఉంది. పైన కప్పు, కింద మనిషి."

"మనిషంటే నేనేగా!" కవిగారు అప్పుడే దిండు చంకన పెట్టుకున్నారు. "అర్థం? యజమానా?"

"అదనం. అంటే... అక్కర్లేకుండా మిగిలిపోయిన సరుకు."

దిండు జారిపోయింది.

"మీకు పుణ్యముంటుంది, మా ఆవిడ చెవిన వెయ్యకండి."

"ఆవిడే నిన్న ఫోన్ చేసి ఆ అక్షరం రాయించుకున్నారండీ!" మాస్టారు సంచిలోంచి చుట్టిన కాగితం తీశాడు. "ఫ్రేము మీరే కడతారన్నారు."

కవిగారు నీరసంగా టేపు అందుకున్నారు.

"ఎంత సైజు?"

"వీధి గుమ్మం మీద పట్టేంత!"