సోమక్క సలహాకు సర్టిఫికెట్

పనివాళ్లలో ఉత్సాహం నింపడానికి మీటింగును మించిన సాధనం లేదు! నమ్మకం కుదరని పాఠకులు సోమక్కను అడగవచ్చు.

వరంగల్‌లో కిషన్ రావుగారి జంపఖానాల కార్ఖానాలో ఆమె పదకొండేళ్లుగా నూలు కండెలు చుడుతోంది. అన్నేళ్లూ ఆయన తిట్లతోనే పని చేయించారు. డెబ్బై తొమ్మిదిలో హైదరాబాదు వెళ్లి, మూడు రోజుల మేనేజ్‌మెంట్ ట్రైనింగ్ పొంది, మనిషి మారి వచ్చారు. తిట్టకూడదు, వినాలి, మెచ్చుకోవాలి అని అక్కడ చెప్పారట. మర్నాడు ఆయన నవ్వుతూ ఎదురొస్తే, పని ఊడిందేమోనని సోమక్క తన సద్దిగిన్నె సర్దుకోబోయింది.

అప్పటి నుంచి ప్రతి సోమవారం మీటింగ్. పనివాళ్లకు బెంచీలు వేశారు. ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

“మీ కష్టమేందో మీరే చెప్పాలె” అన్నారు కిషన్ రావుగారు.

సోమక్క కొంగు సర్దుకుని లేచింది.

“ఆడోళ్లం ఇరవై మందిమున్నం సారూ. పాయఖానా లేక రైలుకట్ట పక్క కంపచెట్లల్లకు పోతానం. నీళ్లు తాగాల్నంటే భయమైతాంది.”

“శాభాష్! గిసొంటి సలహాలే కావాలె. కొట్టుండ్రి చప్పట్లు!”

కొట్టారు. ఆయన నోటుబుక్కులో రాసుకున్నారు కూడా.

రెండో సోమవారం అదే మాట, అవే చప్పట్లు. ఎనిమిదో సోమవారం ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టే వచ్చింది! సోమక్కకు చదువు రాదు.

“ఏం రాసిండ్రు సారూ?”

“ఉత్తమ సలహా అని.”

“పాయఖానా అని లేదా?”

అంత చిన్న కాగితంలో అన్నీ పడతాయా మరి!

ఆ వారమే కంపచెట్లలో మల్లక్కకు తేలు కుట్టింది. సోమక్క ఆమెను రిక్షాలో దవాఖానకు తీసుకుపోయింది. దారి పొడుగునా మల్లక్క నొప్పి మాట ఎత్తలేదు. “యాడ కుట్టిందంటే డాక్టరుకు ఏం చూపియ్యాలె అక్కా?” అని ఏడ్చింది.

తొమ్మిదో మీటింగులో కిషన్ రావుగారు సేఫ్టీ గురించి మాట్లాడారు.

“నడిచేటప్పుడు కిందికి చూసి నడవుండ్రి. మనమంతా ఒక్క కుటుంబం. నా ఇల్లు మీ ఇల్లే అనుకోండ్రి.”

సోమక్క లేచింది. ఈసారి తిన్నగా బయటికి నడిచింది. మిగతా ఆడవాళ్లూ ఒక్కొక్కరే లేచి వెంట నడిచారు. రెండు గల్లీలు దాటి కిషన్ రావుగారి ఇంటి తలుపు తట్టారు. ఆయన భార్య సరస్వతమ్మ తలుపు తీసింది.

“అమ్మా, గిది మన ఇల్లే అన్నడు సారు. పాయఖానా యాడుంది?”

సరస్వతమ్మ వాళ్లందరి మొహాలూ చూసింది. పక్కకు జరిగి దారిచ్చింది.

కిషన్ రావుగారు రొప్పుతూ ఇల్లు చేరేసరికి వరుస గేటు దాకా ఉంది. ఆయన ఏదో అనబోయారు.

“ఆగుండ్రి. వాళ్లయినంకనే మీరు” అంది భార్య.

మర్నాడే కార్ఖానాలో మేస్త్రీ దిగాడు. పదిహేను రోజుల్లో పని పూర్తయింది. మీటింగుల మహిమ ఇది అని చెప్పడానికి కిషన్ రావుగారు మళ్లీ హైదరాబాదు బయలుదేరారు. కాదని ఎవరనగలరు?

సోమక్క కొత్త గదిలోకి వెళ్లి, లోపల గడియ పెట్టుకుని, కాసేపు ఊరికే నిలబడింది. అటూ ఇటూ చూడాల్సిన పని లేదు.