మూడు ఫెయిళ్లు కావలెను

మా ఊరు ఇకనుంచి ఊరు కాదని, ఉద్యోజక గ్రామమని దసరా మర్నాడు దత్తు భావు ప్రకటించాడు. ఆటోకు మైకు కట్టించి ఒకసారి తెలుగులో, ఒకసారి మరాఠీలో, ఒకసారి హిందీలో చెప్పాడు. మూడు భాషల్లోనూ ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి విషయం చాలా పెద్దదై ఉంటుందని అందరం గౌరవంగా విన్నాం. ఉద్యోజకుడంటే సొంతంగా వ్యాపారం నిలబెట్టేవాడని, పదిహేను రోజుల్లో మంత్రిగారు వచ్చి మన ఊరి ఉద్యోజకులను కళ్లారా చూస్తారని ఆయన వివరించేసరికి మైకు బ్యాటరీ అయిపోయింది.

దత్తు భావు గురించి పత్రికల వాళ్లు రాయవలసినంత రాయడం లేదు. ఆయన పార్టీ యువజన విభాగానికి తాలూకా ఉపాధ్యక్షుడు. వయసు యాభై ఒకటి. మిగతా యువకులు ఉద్యోగాలనీ పెళ్లిళ్లనీ విభాగాన్ని వదిలిపోయినా, ముప్పై ఏళ్లుగా యువకుడిగానే నిలబడిన మనిషి ఆయనొక్కడే.

వ్యాపారం ఎలా నిర్మించాలో నేర్చుకోవడానికి భావు నాందేడ్‌లో రెండు రోజుల శిబిరానికి వెళ్లి వచ్చాడు. పెద్ద పెద్ద కంపెనీల యజమానులు వచ్చి తమ అనుభవాలు చెప్పారట. ఒకాయన గాజుల దుకాణం మూసి, పాల డెయిరీ మూసి, కంప్యూటర్ క్లాసులు మూసి, ఇప్పుడు విమానంలో తిరుగుతున్నాడు. ఇంకొకాయన రెండుసార్లు దివాలా తీశాక మూడోసారి ఫ్యాక్టరీ పెట్టాడు. వేదిక ఎక్కిన ప్రతివాడూ ముందు తాను ఎన్నిసార్లు మునిగాడో చెప్పి, ఆ తర్వాతే పేరు చెప్పుకున్నాడు. ఎప్పుడూ మునగని మనిషి ఒక్కడూ ఆ వేదిక మీద లేడు. మామూలు బుర్రలైతే చప్పట్లు కొట్టి భోజనానికి లేచేవి. భావు మాత్రం భోజనం చేస్తూ కూడా ఆలోచించి, పైకి రావాలంటే కనీసం మూడుసార్లు ఫెయిలై తీరాలన్న సూత్రాన్ని పట్టేశాడు. పంచాయతీలో తీర్మానం కూడా చేయించాడు.

ఆ తీర్మానంతోనే సుందరత్త కథ మొదలవుతుంది.

సుందరబాయి అత్తది పిండి గిర్ని. బస్సు ఆగేచోట పంచాయతీ వాళ్ల గది ఒకటుంది. పదిహేడేళ్లుగా ఆ గది ఆమెకే కిరాయికి ఉంది. ఊళ్లో త్రీ ఫేజ్ మీటరున్న గది అదొక్కటే. పొలాలకు వెళ్లే ఆడవాళ్లు తెల్లవారకముందే గింజల డబ్బాలు తెచ్చి గిర్ని ముందు వరసగా పెట్టి వెళ్లిపోతారు. మనిషి నిలబడక్కర్లేదు, డబ్బా నిలబడితే చాలు. బడికి వెళ్లేముందు నేను సుద్దముక్కతో మూతల మీద పేరూ, గింజా, కిలోలూ రాస్తాను. నాకు నోరు తక్కువ, చేతిరాత బాగుంటుంది. సుందరత్తకు చదువు రాదు గానీ సొట్టను చూసి ఏ డబ్బా ఎవరిదో చెప్పేస్తుంది. ముందు జొన్నలు, తర్వాత గోధుమలు, మిర్చి మాత్రం అన్నిటికంటే చివర, మూలనున్న వేరే రాయి మీద. పదిహేడేళ్లలో మా ఊళ్లో ఒక్క రొట్టె కూడా కారంగా రాలేదు.

ఏటేటా గది కిరాయి కాగితం మార్చుకోవాలి. ఈసారి ఆ గదిని ఊళ్లోని అత్యుత్తమ ఉద్యోజకుడికే ఇవ్వాలని తీర్మానం. అందుకొక ఫారం అచ్చయింది. భావు దాన్ని స్వయంగా గిర్నికి తెచ్చి, రాయమని నా చేతికిచ్చాడు. పేరు, వయసు, వ్యాపారం దాకా సాఫీగా సాగింది. నాలుగో గడి దగ్గర ఆగిపోయాం.

"ఎన్నిసార్లు ఫెయిలైనవ్ సుందరక్కా?" అన్నాడు భావు.

"దేంట్ల తమ్మీ?"

"ధందల. అదే, యాపారంల."

సుందరత్త రాయి ఆపి, చెంగుతో మొహం మీది పిండి తుడుచుకుని, నిజాయితీగా ఆలోచించింది. "మా అత్త సచ్చిపోయినప్పుడు పదకొండు దినాలు బంద్ వెట్టిన."

"అది ఫెయిల్ గాదక్కా. సూతకం."

నాలుగో గడిలో సున్నా రాశాను. ఆ గడికి వందలో అరవై మార్కులు.

రెండో దరఖాస్తు భావు మేనల్లుడు గౌరవ్ అన్నది. ఏడేళ్లలో అన్న మొబైల్ దుకాణం, కౌజు పిట్టల ఫారం, నీళ్ల ప్లాంటు, చైనీస్ బండి, షేర్ల క్లాసు పెట్టి, ఐదూ మూశాడు. చైనీస్ బండి మూసిన రోజున మా వీధిలో కొందరు కొబ్బరికాయ కొట్టారు. ఇన్నాళ్లూ ఊళ్లో ఎవరూ గుర్తించని ఆ కష్టానికి ఫారంలో అరవైకి అరవై పడ్డాయి. గది దొరికితే అన్న అందులో ఉద్యోజక మార్గదర్శన కేంద్రం పెట్టి, వ్యాపారం ఎలా చేయాలో ఊరికి నేర్పుతాడు.

భావు పక్షపాతం చూపే మనిషి కాదు. ఆ సాయంత్రమే సుందరత్తకు ధైర్యం చెప్పాడు. "ఇంక పన్నెండు దినాలున్నయ్ అక్కా. మనసు పెడ్తే ఏదైనా అయితది. మూడుసార్లు ఫెయిలవ్వు, గది నీకే రాసిస్త."

గది పోతే మీటరు పోతుంది, మీటరు పోతే రాయి తిరగదు. సుందరత్త మనసు పెట్టింది.

మొదట సోమవారం గిర్ని మూసేసింది. తలుపుకు తాళం వేసి, ఎదురుగా అరుగు మీద కూర్చుంది. డబ్బాలు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి. మూసి ఉందంటే, తెరిచాక ముందు మాదే ఉండాలని ఇంకా ఎక్కువ వచ్చాయి. మధ్యాహ్నానికి వరస బడి గేటు దాటింది. సాయంత్రం నాలుగింటికి వత్సల వచ్చి, బిడ్డ పెళ్లిచూపులకు ముఖేడ్ నుంచి మగపెళ్లివారు వస్తున్నారని, ఇంట్లో పిడికెడు పిండి లేదని చెప్పి, అరుగు మీద ఆమె పక్కనే కూర్చుంది. సుందరత్త లేచి తాళం తీసింది. ఫెయిల్ కావాలంటే కనీసం ఇరవై నాలుగు గంటలు మూసి ఉండాలని, ఇది తొమ్మిది గంటలే అయిందని భావు గడియారం చూసి విచారించాడు.

రెండోసారి గౌరవ్ అన్న స్వయంగా సాయానికొచ్చాడు. పోటీదారుకు సాయం చేయడం పెద్ద మనసున్నవాళ్లకే చెల్లుతుంది. సరుకు పాడైతే ధందా తప్పకుండా మునుగుతుందని, కౌజు పిట్టల విషయంలో తాను కళ్లారా చూశానని చెప్పాడు. రాయి చుట్టూ మిగిలే జొన్న, గోధుమ, పప్పుల కలగాపులగపు పిండిని సుందరత్త రోజూ మేకలకు వేస్తుంది. దాన్ని సంచుల్లో కట్టి అమ్మమన్నాడు. కట్టింది. నాందేడ్ నుంచి రోజూ వచ్చిపోయే మా బడి టీచర్లు సంచులన్నీ కొనుక్కుపోయారు. దీన్ని మల్టీగ్రెయిన్ అంటారని, నగరంలో ఇంత తాజాగా దొరకదని, ఇంకో ఇరవై సంచులు కావాలని మర్నాడు చెప్పి పంపారు. మేకలు మాత్రం అలిగాయి.

కబురు విని భావు తల పట్టుకున్నాడు. "గిట్లయితే ఎట్లక్కా? నేను పైన ఏమని చెప్పాలె? నువ్వు సీరియస్‌గ తీస్కుంటలెవ్వు."

"నాకు ఇదొక్కటి అస్తలేదు తమ్మీ," అంది సుందరత్త. ఆమె తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు.

గడువు ముగిసింది. గది గౌరవ్ అన్నకు వచ్చింది. మంత్రిగారు రావడానికి రెండు రోజుల ముందు నలుగురు మనుషులు గిర్ని రాళ్లను, మోటారును, దాని బెల్టును మోసుకెళ్లి సుందరత్త ఇంటి వెనక పశువుల కొట్టంలో పెట్టారు. ఆమె వెనకాలే నడుస్తూ, మిర్చి రాయిని జొన్నరాయికి దూరంగా పెట్టమని మాత్రం చెప్పింది. మీటరు గదితోనే ఉండిపోయింది. దానికి ప్రొజెక్టర్, రెండు పెద్ద ఫ్యాన్లు, రంగురంగుల దీపాల బోర్డు తగిలించారు. అంతా అయ్యాక భావు కొట్టం దాకా వచ్చి, సుందరత్త చేయి పట్టుకుని కళ్లు చెమర్చగా చెప్పాడు. "ముబారక్ అక్కా. ఇగ ఇది అసలు ఫెయిల్. ఒకటి వడ్డది."

మంత్రిగారు వచ్చే రోజు కేంద్రంలో నలభైమంది శిక్షణార్థులు కూర్చోవాలి. కుర్చీలు నాయ్‌గావ్ నుంచి వచ్చాయి. మనుషులే రాలేదు. సోయాబీన్ కోతలు, పైగా ఆకాశంలో మబ్బు. తొమ్మిదింటికి కేంద్రం ముందు భావు, గౌరవ్ అన్న, ఫొటోగ్రాఫర్, నేను ఉన్నాం. సుందరత్త ఎదురు అరుగు మీద ఉంది. పాత తలుపు ముందు డబ్బాలు కూడా ఉన్నాయి. పదిహేడేళ్ల అలవాటు. కొట్టంలోని గిర్నికి కరెంటు ఈరోజో రేపో వస్తుందిలే అనుకున్నారేమో, ఆడవాళ్లు చీకట్లోనే తెచ్చి వరసగా పెట్టి చేలకు పోయారు. నేను కూడా అలవాటు కొద్దీ మూతల మీద పేర్లు రాసేశాను. మొత్తం నలభై మూడు.

కార్లు వచ్చి ఆగాయి. మంత్రిగారు దిగి, ఖాళీ కుర్చీలను చూశారు. తర్వాత డబ్బాలను చూశారు. ఇవేమిటని అడిగారు.

భావు గొప్పతనం ఆ క్షణంలో చూడాలి. రెప్ప కూడా వేయలేదు. ఇదే మా శిక్షణార్థుల క్యూ అని, ఉద్యోజకులు సమయం వృథా చేయరు కాబట్టి తమ స్థానం రిజర్వు చేసుకుని పనిలోకి వెళ్లారని మరాఠీలో మనవి చేశాడు. మంత్రిగారు చాలాసేపు తలాడించి, ముంబైలో కూడా ఇంతటి టైమ్ మేనేజ్‌మెంట్ చూడలేదన్నారు. పేర్లు చదవమన్నారు. భావు నన్ను ముందుకు తోశాడు. మూతలు చూసి చదివాను. "శాంతాబాయి, జొన్నలు, ఎనిమిది కిలోలు. వత్సల, గోధుమలు, ఐదు. సారిక, మిర్చి, రెండు." ఒక్కో పేరుకూ మంత్రిగారు ఒక్కో సర్టిఫికెట్‌ను మూత మీద పెట్టారు, గాలికి ఎగరకుండా గౌరవ్ అన్న దాని మీద ఒక్కో రాయి పెట్టాడు, ఫొటోగ్రాఫర్ ఒక్కో ఫొటో తీశాడు. మర్నాడు పేపర్లో నలభై మూడు మంది గ్రామీణ ఉద్యోజకులు తయారయ్యారని వచ్చింది. ఫొటోలో డబ్బాలు స్పష్టంగా పడ్డాయి.

మంత్రిగారు వెళ్లిన సాయంత్రమే ఆడవాళ్లు సర్టిఫికెట్లు చంకలో పెట్టుకుని, డబ్బాలు నెత్తిన పెట్టుకుని, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పక్కూరి గిర్నికి నడిచారు.

సుందరత్త కొట్టానికి కొత్త త్రీ ఫేజ్ లైను కోసం దరఖాస్తు రాయించింది. అలాంటి దరఖాస్తులు ఇప్పుడు గౌరవ్ అన్న కేంద్రం ద్వారానే వెళ్లాలి. ఉద్యోజక సర్టిఫికెట్ జత చేయాలి. ఊళ్లో ఇంటింటికీ ఉంది, ఆమెకు లేదు. గిర్ని ఆమెదే కాబట్టి ఆమె డబ్బా ఎన్నడూ వరసలో లేదు.

"నాది తీస్కపో అక్కా," అంది శాంతాబాయి. "నాకు పిండి గావాలె గని కాయిదం ఎందుకు?"

కానీ మూత మీద ఉన్నట్టే దాని మీద కూడా శాంతాబాయి పేరుంది, ఎనిమిది కిలోలు అని కూడా ఉంది. రెండో బ్యాచ్‌లో చేరడమే మార్గమని భావు సలహా ఇచ్చాడు.

మర్నాడు పొద్దున సుందరత్త తన ఇంటి డబ్బా తెచ్చి, తన పాత తలుపు ముందు పెట్టింది. మూత మీద పేరు రాసి, గింజ ఏమిటని అడిగాను. ఖాళీ అని రాయమంది. ఒక డబ్బా కనబడితే దాని వెనక ఇంకో డబ్బా పెట్టడం మా ఊరివాళ్ల స్వభావం. పైగా అది సుందరత్త డబ్బా. ఎనిమిదింటికల్లా వరస మళ్లీ బడి గేటు దాకా చేరింది. ఇంతమంది చేరడం చూసి భావు నాందేడ్‌కు ఫోన్ చేసి, సీట్లు పెంచాలని కోరాడు. గౌరవ్ అన్న బయటికి వచ్చి డబ్బాలను చూసి, రోడ్డు చూసి, మెల్లగా సుందరత్త దగ్గరికి వచ్చాడు.

"అత్తా, వీటితోని ఇప్పుడేం చెయ్యాలె?"

"ముందుగాల మిర్చి పక్కకు వెట్టు బిడ్డా," అంది సుందరత్త.

అన్న జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. సాయంత్రానికి కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు వెలిసింది. "మొదటి పాఠం: ముందు మిర్చిని పక్కకు పెట్టండి. - గౌరవ్ సర్." ఆ పాఠం మీద శిబిరాల్లో మాట్లాడమని ఆయనకు రెండు పిలుపులు కూడా వచ్చాయి.

రెండో బ్యాచ్ పరీక్ష కిందటి ఆదివారం జరిగింది. అందరూ ఇదివరకే సర్టిఫికెట్లు తీసుకున్నవాళ్లు కాబట్టి రాసింది సుందరత్త ఒక్కతే. రాతకు నేను కూర్చున్నాను. ప్రశ్న ఒకటే. మిర్చిని ఎందుకు పక్కకు పెట్టాలి? ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. "లేకుంటే రొట్టె కారమైతది."

అది తప్పు. మిర్చి అంటే మన మనసులోని నెగెటివ్ ఆలోచన అని గౌరవ్ అన్న తర్వాత వివరించాడు. వందకు సున్నా. రాసింది నేనే కాబట్టి ఆ సున్నాలో నాకూ కొంత భాగం ఉంది.

ఫలితం తెలియగానే దత్తు భావు దూద్‌పేడా మిఠాయిల డబ్బాతో కొట్టానికి వచ్చాడు. తిరగని రాయి మీద కూర్చుని ఉన్న సుందరత్త చేతిలో ఒకటి, నా చేతిలో ఒకటి పెట్టాడు.

"రెండైనయ్ అక్కా," అన్నాడు సంతోషంగా. "ఇంకొక్కటే."

ఆ మూడోదాని కోసం ఆమె ఏమీ కష్టపడనక్కర్లేదని, దాని సంగతి తానే దగ్గరుండి చూసుకుంటానని కూడా మాటిచ్చాడు.