ట్రాక్టరుకు కాపడం

మూడు రోజుల్లో వాన ఉందని రేడియోలో చెప్పారు. ఈలోగా పల్లంలోని పొలం చెక్క దున్నేయాలని ఆయన టీ గ్లాసు కింద పెట్టి చిన్న ట్రాక్టర్ ఎక్కాడు. తడిస్తే ఆ నేలలో చక్రం దిగబడిపోతుంది. ఇక నెల రోజులు అటు చూడనక్కర్లేదు. తాళం తిప్పాడు. లైట్లు వెలిగాయి. ఇంజను మాత్రం టిక్కుమని కూడా అనలేదు.

మళ్లీ తిప్పాడు. అంతే.

గుమ్మంలో నిలబడి చూస్తున్న బావమరిది నవ్వాడు. "దిగు బావా, నన్ను చూడనీ" అంటూ ఎక్కి తిప్పాడు. ట్రాక్టర్ వెంటనే అందుకుంది.

"చూశావా, దానికి నేనంటే ఇష్టం."

"ఇష్టం కాదు, నీ బరువుకి భయపడింది" అని ఆయన మళ్లీ తానెక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇందులో ఒక చిక్కుంది. పోయిన పంటకు ఆయన ట్రాక్టర్ దిగుతూ మడ్‌గార్డు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోవడం భార్య కంట పడింది. "మోకాలు నొప్పి అన్న మాట మీ నోట ఒక్కసారి వచ్చిందా, తాళం మా తమ్ముడి చేతిలో పెట్టేస్తాను" అంది. ఆనాటి నుంచి ఆ మాట ఆయన నోట రాలేదు. తాళం చొక్కా జేబులో వేసి పైన పిన్నీసు పెట్టుకునేవాడు. ఆ సీటు మీద ఉన్న మనిషిని 'కాసేపు కూర్చోండి' అని ఎవరూ అనరు. ఆయనకు కావలసింది అదే.

కాబట్టి తప్పు ట్రాక్టరులోనే దొరకాలి.

ముందు బ్యాటరీని అనుమానించి టెర్మినళ్లు గీకారు. డీజిల్లో నీళ్లు చేరాయని బావమరిది అన్నాడు. డీజిలంతా బట్టల టబ్బులోకి దించారు. పనయ్యాక ఆ టబ్బు కడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. మధ్యాహ్నానికి ఇంట్లో దుప్పట్లు కూడా డీజిల్ వాసన కొట్టసాగాయి. సీటు విప్పితే కింద ఎలుక గూడు కనబడింది.

"దొరికాడు దొంగ!" అన్నాడు ఆయన.

ఒక్క వైరు కూడా కొరికి లేదు. అయినా నేరం ఎలుక మీదే పడింది.

పగలంతా లేచీ కూర్చునీ, వంగీ పాకీ అన్నీ తిరిగి బిగించి, మిగిలిపోయిన ఒక నట్టును జేబులో వేసుకుని, పొద్దు వాలుతుండగా ఆయన ఎక్కాడు. ఈసారి అందుకుంది. నాలుగు సాళ్లు వేసేసరికి చీకటి పడింది.

మర్నాడు పొద్దున మళ్లీ మౌనం. ఈసారి బావమరిది నవ్వలేదు. ఆయనకు అదే ఎక్కువ బాధనిపించింది. షెడ్డు వెనక్కి వెళ్లి మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

"పొద్దున్నే పట్టేస్తోందయ్యా. కాస్త వేడెక్కాక అదే వదులుతుంది. ఎన్నేళ్లా? తొమ్మిదేళ్లు. రేపు పొద్దున్నే రా. ఇంట్లో ఎవరితోనూ అనకు."

గోడకు ఇవతల దుప్పట్లు రెండోసారి ఉతుకుతున్న భార్య తడి చేతులతోనే వచ్చేసింది.

"తొమ్మిదేళ్లా! నాకు చెప్పకుండా తొమ్మిదేళ్లా!"

"చెప్పేదేముంది? వాకిట్లోనే ఉందిగా, అందరికీ కనబడుతూ."

"ఇంకెవరికి చూపించారు?"

"మీ తమ్ముడికే. వాడెక్కి కూర్చుంటే ఏ బాధా లేదు."

ఆమె చేతిలోని దుప్పటి జారిపోయింది. "మీ మోకాలి మీద వాడెందుకు కూర్చున్నాడండీ?"

తాను చెబుతున్నది ట్రాక్టర్ సంగతని ఆయన అన్నాడు.

"అయితే మోకాలు బాగానే ఉందన్నమాట" అంది ఆమె.

ఆయన వంగి, దుప్పటి రెండో కొస పట్టుకుని పిండసాగాడు. ఆమె మళ్లీ అడగలేదు.

మూడోనాడు ఆయన మంచం దిగకముందే ఆమె ఉప్పు మూట వేడి చేసి తెచ్చింది. అరగంటసేపు మోకాలికి కాపడం పెట్టింది. తాళం మాట ఆమె ఎత్తలేదు, ఆయనా కదపలేదు.

మెకానిక్ వచ్చాడు. ఆయన ఎక్కి తిప్పాడు. అందుకుంది. ఆపి తిప్పాడు. మళ్లీ అందుకుంది.

"బాగానే ఉందిగా, పెద్దాయనా?"

"నిన్నటిదాకా బాగాలేదు."

మెకానిక్ కింద కూర్చుని ఆయన ఎడమ కాలి వంక చూశాడు. "క్లచ్ అడుగంటా తొక్కితేనే దీనికి సెల్ఫ్ అందుతుంది. అక్కడ ఒక స్విచ్ ఉంది. నిన్న ఎంతవరకు తొక్కారు?"

ఆయన ఆలోచించాడు. నొప్పి మొదలయ్యేదాకా తొక్కి, అడుగంటే అదే అనుకునేవాడు.

"మరి ఇవాళ ఏం చేశారు?"

"కాపడం పెట్టాను" అంది భార్య.

"ట్రాక్టరుకా అమ్మా?"

"ఆయనకి."

"అయితే రిపేరు మీరే చేసేశారు" అని మెకానిక్ పెట్టె మూసేశాడు.

ఆయన ఇంజను ఆపి తాళం తీశాడు. జేబులో పెట్టుకోలేదు. బావమరిది అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని ముందుకు చాచాడు. తాళం భార్య అందుకుంది.

"మీ తమ్ముడికిస్తానన్నావుగా?"

"అన్నాను. డీజిల్ తెచ్చి నా టబ్బులో పోసినవాడికి ఇంకేం ఇస్తాను?" అని కుచ్చిళ్లు ఎగదోపుకుని సీటెక్కింది.

"నీకు తోలడం వచ్చా?"

"తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను."

మొదటి తిప్పుకే అందుకుంది. పల్లంలో మొదటి సాలు కాస్త వంకర పోయింది. రెండోది తిన్నగా వచ్చింది. మబ్బులు ఇంకా దూరంగానే ఉన్నాయి. ఆయన జేబులో తాళానికి బదులు నట్టు మిగిలింది.

గట్టు మీద కాలు చాపుకుని కూర్చుని, ఆమె మలుపు తిరిగినప్పుడల్లా క్లచ్ అడుగంటా తొక్కమని ఆయన చెబుతూనే ఉన్నాడు.