అట్లాస్ తీయండి

తాళాలాయన ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, అందరికంటే ముందు బడికి చేరాలి, పెద్ద ఆఫీసరు వచ్చి వెళ్ళేదాకా ఎవరి నోటా పడకూడదు. బడి స్టోరు గది తాళాలన్నీ ఆయన నడుముకే వేలాడతాయి గనక అసలు పేరు భార్య తప్ప అందరూ మరిచిపోయారు. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది పుట్టిన కూతురు ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. ఉద్యోగం మాత్రం ఇంకా తాత్కాలికంగానే ఉంది.

"ఏమండీ, ఇవాళైనా నోరు తెరిచి అడుగుతారా?" అంది భార్య, ఆయన కాలరు సరిచేస్తూ.

"ప్రిన్సిపాల్ మేడమే అడుగుతానన్నారుగా. ఆఫీసరు మెచ్చుకుంటే అదే ఊపులో నన్ను పర్మనెంటు చేయమని ఓ మాట వేస్తారట."

"మెచ్చుకోకపోతే?"

"నెలాఖరుకి ఇంట్లో కూర్చోడమే. టెంపరరీ వాళ్ళని తీసేయమని పైనుంచి ఒకటే ఒత్తిడి."

"ఆ మాట ఇప్పుడా చెప్పేది!" అని ఆవిడ కాలరుని ఒక్క గుంజు గుంజింది. పై గుండీ ఊడి మంచం కిందకి దొర్లిపోయింది. వెతికే వ్యవధి లేదు. మెడ దగ్గర చొక్కాని చేత్తో పట్టుకునే ఆయన బయల్దేరాడు.

బడి గేటు తాళం తీస్తుండగా ఫోను మోగింది. ప్రిన్సిపాల్ మేడం. వెనకాల బస్సు రొద.

"నేను దారిలో ఉన్నా... నా గదిలో..." హారను ఒకటి ఆవిడ మాటల్ని మింగేసింది. "...అట్లాస్ తీయండి. ఆఫీసరు ముందు చూసేది అదే. తేడా వస్తే మీ సంగతి నేనేం చేయలేను."

"మేడం, అట్లాస్ అంటే..."

ఫోను ఆగిపోయింది. తిరిగి చేస్తే స్విచాఫ్.

అట్లాస్ అంటే పటాల పుస్తకమని చదువు మధ్యలో మానేసినవాడికి కూడా తెలుసు. తాళాలాయన స్టోరు గదికి పరుగెత్తి, బీరువా అడుగు అరలోంచి ఆ పెద్ద పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాడు. అట్ట నిగనిగలాడుతోంది. తెరిచి చూశాడు. చెదలు నేల భాగాన్నంతా తినేసి సముద్రాలను మాత్రం మిగిల్చాయి. ఆఫీసరు ముందు దీన్ని పెట్టడమంటే తన ఉద్యోగానికి తనే కొరివి పెట్టుకోవడం. ఇంకో అట్లాస్ ఎవరి దగ్గరైనా ఉందేమోనని ఆయన వరండాలోకి ఉరికాడు. ఎదురుగా సైన్సు మాస్టారు.

"అట్లాసా? ఉంది కదయ్యా నా దగ్గర," అన్నాడు మాస్టారు తాపీగా. "మెడలో మొట్టమొదటి ఎముక. తలకాయ బరువంతా దాని మీదే. ఆ పేరుతో జానెడు రెక్కల పురుగు కూడా ఒకటుందిలే, కానీ పురుగుని చూసి ఆఫీసర్లు మెచ్చుకోరు. ల్యాబులో అస్థిపంజరానికుంది, ఊడదీసుకుపో."

"పుస్తకం కాదాండీ?"

"పుస్తకాలైతే ఆఫీసరు గది నిండా ఉంటాయి. ఇంత పొద్దున్నే ఫోను చేసి మరీ చెప్పారంటే ఎముకే."

"ఎముక తీస్తే తల పడదా మాస్టారూ?"

"పడుతుంది. తలని వేరే పట్టుకో."

తాళాలాయన ఒక చేతిలో ఎముక, చంకలో పుర్రెతో వరండాలోకి వచ్చాడు. కుట్టు టీచరమ్మ ఆయన్ని చూసి కెవ్వుమంది.

"అయ్యయ్యో! ఎవరిదన్నయ్యా అది?"

"బడిదేనమ్మా," అని ఆయన సంగతంతా చెప్పుకొచ్చాడు. టీచరమ్మ నొసలు కొట్టుకుంది.

"అట్లాస్ అంటే గుడ్డ! పట్టులా నున్నగా మెరుస్తుందే, అది. మేడం గదిలో బల్ల బోసిగా ఉందని నేనెన్నాళ్ళ నుంచో నెత్తీ నోరూ బాదుకుంటున్నా. ఇన్నాళ్ళకి ఆవిడ చెవికెక్కింది. ఉండు, నాటకంలో రాజుగారి అంగీ కోసం ఉంచిన ఎర్రగుడ్డ ఇస్తా."

తక్కువ చదివినవాడికి ఒక మాటకు ఒకటే అర్థం, దాంతో బతుకు ఎలాగో గడిచిపోతుంది. చదివినవాళ్ళ మధ్య పడ్డాడా, ఇక అంతే. మాట అదే ఉంటుంది, అర్థం గదికొకటి మారుతుంది, చెమట మాత్రం వీడికి పడుతుంది. తాళాలాయన మళ్ళీ ఫోను చేశాడు. స్విచాఫే. మిగిలింది డ్రాయింగు మాస్టారు. ఆయన దగ్గరికి వెళ్ళేసరికి తాళాలాయనకు అడగడం అలవాటైపోయింది.

"మాస్టారూ, మీ లెక్కలో అట్లాస్ అంటే ఏమిటి?"

"రా, చూపిస్తా." మాస్టారు ఆయన్ని పోర్టికో ముందుకు తీసుకెళ్ళాడు. అక్కడ చెరో పక్కన ఒక రాతి మనిషి, చేతులు పైకెత్తి పైకప్పుని మోస్తూ నిలబడి ఉన్నాడు. "గ్రీకు కథల్లో ఆకాశాన్ని భుజాన మోసిన ఓ రాక్షసుడి పేరయ్యా అది. పటాలకైనా, ఎముకకైనా వాడి పేరే. ఇలా మోసే బొమ్మలకీ అదే. ఇంతకీ మేడం పెట్టమన్నారా, తీయమన్నారా?"

"తీయండి అన్నారు. ఆఫీసరు ముందు చూసేది అదే అని కూడా అన్నారు."

"మరింకేం! కారు దిగ్గానే ఆఫీసరుకి కనపడేది వీళ్ళేగా. కుడివాడు బానే ఉన్నాడు. ఎడమవాడికి ముక్కు లేదు, పక్కకి ఒరిగాడు. పరువు పోతోందని నేనెప్పుడో చెప్పా."

తాళాలాయన తలూపాడు. పుస్తకానికీ ఎముకకీ గుడ్డకీ సరిగ్గా అతకని 'తీయండి' అన్న మాట ఇక్కడ అచ్చంగా అతికింది. అయినా పైకి చూశాడు.

"తీస్తే ఇది కూలదా?"

"బరువు మోసేది గోడయ్యా. వీడు మోస్తున్నట్టు నటిస్తాడంతే. మన ఆఫీసుల్లో లేరూ, అట్లాంటివాళ్ళు?"

వడ్రంగి, వాచ్‌మన్ గునపాలతో వచ్చారు. రాతి మనిషి పెద్దగా మొరాయించకుండానే కదిలాడు. పైనుంచి గుప్పెడు సున్నం రాలింది. నలుగురూ కలిసి వాణ్ణి చెక్కబండి మీద దొర్లించి మేడం గదిలో ఓ మూల నిలబెట్టారు. ఏది అసలైనదో ఇంకా నమ్మకం చిక్కక, తాళాలాయన ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద పుస్తకాన్నీ, ఎముకనీ, పుర్రెనీ కూడా ఉంచాడు. నెత్తిన కప్పు లేకుండా చేతులెత్తి నిలబడ్డ ఆ ముక్కులేని మనిషి, దొంగలకు చిక్కినవాడిలా ఉన్నాడు.

మేడం పక్కగేటు నుంచి రొప్పుతూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమిటిదంతా?"

"అట్లాసండి. మీకు ఏది కావాలో తెలీక, దొరికినవన్నీ..."

"అట్లాస్ ఎవరడిగారు?"

"మీరేనండి. ఫోన్లో. అట్లాస్ తీయండి అన్నారు."

మేడం కళ్ళు మూసుకుంది. "కుర్చీలెక్కడివక్కడ, ఫైళ్ళెక్కడివక్కడ, అట్లా సర్దేయండి అన్నానండీ బాబూ! అట్లా! సర్దేయండి!"

తాళాలాయన పెదవుల మీద ఆ మాటని మెల్లగా అనుకుని చూశాడు. నిజమే, బస్సు హారను కాస్త సాయం చేస్తే అట్లాగే వినపడుతుంది. ఎద్దు ఈనిందని ఒకడంటే, చదువుకున్న ముగ్గురు తలో దూడనీ గాటన కట్టేశారు. ఇప్పుడు పాలు పిండాల్సింది తను. నెలాఖరు కళ్ళ ముందు కదిలింది, దాని వెనకే భార్య మొహం.

బయట కారు తలుపు చప్పుడైంది. సర్దే వ్యవధి లేదు. ఆఫీసరు లోపలికి వచ్చాడు. ఆయన ఎప్పుడొచ్చినా చెప్పేది ఒకటే: ఈ భవనం ఇంకో తరం నిలుస్తుంది, కొత్తది దండగ. ఆ తర్వాత పోర్టికో కింద ఫోటో దిగి వెళ్ళిపోతాడు. ఈసారి బల్ల చూసి కనుబొమలు ముడిచాడు.

"పుర్రె ఏమిటమ్మా ఇక్కడ?"

"చిన్న ప్రదర్శనండీ," అంది మేడం. "ఒకే మాటకి ఒక్కో శాస్త్రంలో ఒక్కో అర్థం. పిల్లలకి చూపిద్దామని. మా స్టోర్ కీపరు వివరిస్తారు."

తాళాలాయన చొక్కా మెడ పట్టుకుని, పొద్దుటి నుంచి విన్న అర్థాలన్నీ పాఠంగా మార్చి అప్పజెప్పాడు. ఆఫీసరు ఎముకని అందుకున్నాడు, తన మెడ వెనక తడుముకున్నాడు. "నాకు నొప్పి వచ్చేది సరిగ్గా ఇక్కడే," అన్నాడు సంబరంగా. "ఆ పురుగు సంగతేమిటో చెప్పు." తాళాలాయన పురుగు రెక్కల్ని ఇంకో జానెడు పెంచి చెప్పాడు. ఫోటోగ్రాఫరు రెండుసార్లు తొంగిచూసి, పిలిచే ధైర్యం లేక వచ్చి గోడవారన నిలబడ్డాడు.

అప్పుడు బయట పిడుగు పడ్డట్టు మోగింది. కిటికీలోంచి తెల్లటి దుమ్ము లోపలికి పొర్లింది. దుమ్ములోంచి డ్రాయింగు మాస్టారు తల తెల్లగా బయటపడింది.

"పోర్టికో... మొత్తం దిగిపోయింది. కింద ఎవరూ లేరు." ఆయన మూలనున్న రాతి మనిషి వంక చూశాడు. "వాడు నటించలేదండీ."

తాళాలాయన ముందుకొచ్చాడు. దాచిపెట్టే తెలివి ఆయనకు లేదు. "తీయించింది నేనేనండి," అన్నాడు.

ఆఫీసరు వినలేదు. ఆయన మొహం సున్నం కంటే తెల్లగా ఉంది. "నేనిప్పుడు ఫోటోకి... అక్కడే నిలబడి..." అని ఆగిపోయాడు. మేడం ఊరికే ఇన్నేళ్ళు ప్రిన్సిపాలుగా నెగ్గుకురాలేదు. గ్లాసు నీళ్ళు అందిస్తూ మెత్తగా అంది:

"పోయినసారి గట్టిగా ఉందని మీరు సంతకం పెట్టిన పోర్టికోనేనండి ఇది. మా స్టోర్ కీపరు మిమ్మల్ని మాటల్లో పెట్టకపోయుంటే..."

గదిలో భయం ఒక మనిషిని వదిలి ఇంకో మనిషిని పట్టుకుంది. ఆఫీసరు నీళ్ళు గటగటా తాగాడు. "ఇది బయటికి పొక్కకూడదు. కొత్త భవనం ఈ వారంలో మంజూరు చేయిస్తా. ఇంకేమైనా ఉందా?"

"ఇతను పాపం ఇంకా టెంపరరీయేనండి."

"ఇప్పటిదాకానా? ఇలాంటి మనిషా?" అని ఆఫీసరు పెన్ను తీశాడు.

కొత్త భవనం అనుకున్నదానికంటే త్వరగానే లేచింది. వెలుతురు గదులు, విశాలమైన వరండా, గది గదికీ గోడలోనే అమర్చిన బీరువాలు. కుట్టు టీచరమ్మ బల్లలన్నిటికీ గుడ్డలు కుట్టింది. తాళాలాయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి ప్రతి గదీ రెండుసార్లు తిరిగి చూసి, ఇంజనీరుని అడిగి మరీ నిర్ధారించుకున్నాడు.

ఆయన ఇప్పుడు శాశ్వత స్టోర్ కీపరు. ప్లానులో స్టోరు గది లేదు.