ఇరవై పిల్లుల పరిశోధన

ఇంట్లో అందరూ ‘చిన్నది’ అని పిలిచే ఆ అమ్మాయికి ఆ రోజు మూడే పనులు. తొమ్మిదికి లెక్కల మేష్టారిని ఒక సందేహం అడగాలి. పదకొండుకు బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినరమ్మకు ప్రాజెక్టు చూపించాలి. నాలుగులోగా ఆ మార్కులు పట్టుకెళ్లి పరిశోధన సీటు ఖాయం చేసుకోవాలి. ఆలస్యమైతే సీటు ఇంకొకరికిచ్చేస్తారు. “సాయంత్రానికి నిన్ను పట్టలేంలే!” అని నవ్వుతూ పంపింది అమ్మ.

ప్రాజెక్టు పిల్లుల మీద. మనిషి కూర్చుని ఉంటే వీధి పిల్లి గిన్నె దగ్గరికి తొందరగా వస్తుందా, నిలబడి ఉంటేనా? చిన్నది రెండు నెలలపాటు క్యాంటీన్ వెనక స్టాప్‌వాచీతో కాపు కాసి, కూర్చుని ఇరవైసార్లు, నిలబడి ఇరవైసార్లు సెకన్లు లెక్కపెట్టింది.

ఆ సెకన్ల తేడా నిజమైనదో కాదో ఏ లెక్కతో తేల్చాలని అడిగితే, మేష్టారు కాగితాలు తిరగేశారు. “కూర్చున్నప్పుడొచ్చిన పిల్లులే నిలబడ్డప్పుడూ వచ్చాయా? అవే అయితే జతల పరీక్ష చెయ్యాలి. వేరేవైతే విడి పరీక్ష.”

“అన్నీ బూడిద రంగేనండీ... సరిగ్గా చూళ్లేదు.”

“మరి రెండు నెలలు ఏం చూశావమ్మా?”

చిన్నది తనచేత ప్రాజెక్టు చేయించే గైడు దగ్గరికి పరుగెత్తింది. మార్కుల దగ్గర ఆయన పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. “వేరేవని రాసెయ్” అన్నాడు. విడి పరీక్ష చేస్తే తేడా ఏమీ తేలలేదు. “అయితే అవే పిల్లులని రాయి.” జతల పరీక్షలో తేడా భేషుగ్గా తేలింది. “చూశావా! సైన్సంటే ఓపికుండాలి.” కొరివితో తల గోక్కుంటున్నానని చిన్నదానికి తెలుసు. అయినా నాలుగు గంటల గడువు గుర్తొచ్చి, ‘ఇరవై పిల్లులు, ఒక్కోదాన్ని రెండుసార్లు’ అని రాసింది.

“ఇరవై పిల్లుల్నీ ఎలా గుర్తుపట్టావు?” అని అడిగింది ఎగ్జామినరమ్మ.

చిన్నది నోరు తెరిచేలోగా గైడే అందుకున్నాడు. “మెడకి రంగు దారాలు కట్టిందండీ!”

“అబ్బో! పదండి, చూద్దాం.”

క్యాంటీన్ వెనక చిన్నది గిన్నె మోగించింది. ఒక పిల్లి వచ్చింది. మెడ బోసిగా ఉంది. పది నిమిషాలు నిలబడ్డా ఇంకోటి రాలేదు.

“ఇంకెవరికోసమండీ? ఇక్కడుండేది ఇదొక్కటే” అన్నాడు వాచ్‌మన్. “ఇంకోదాన్ని ఇది రానిస్తేగా! అమ్మాయిగారు రోజూ మేపి మేపి దీన్ని దున్నపోతును చేశారు.”

నలభైసార్లూ ఇదే! చిన్నదానికి తల తిరిగిపోయింది. గైడు అప్పటికే నాలుగడుగులు దూరం జరిగాడు. “మొదటిరోజే హెచ్చరించానండీ. వింటేగా!”

“రాసింది నేనేనండీ. కానీ రాయమన్నది...”

“చెయ్యి నీదేగా?” అని ఎగ్జామినరమ్మ సున్నా చుట్టింది.

నాలుగయింది. సీటు పోయింది. చిన్నది ఆ గోడ పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లి మాత్రం గిన్నె నాకుతూనే ఉంది.

ఆర్నెల్లకు గైడు పేరుతో పెద్ద పత్రికలో వ్యాసం వచ్చింది: ‘ఒకే పిల్లి నడవడి మీద రెండు నెలల పరిశీలన’. అవే నలభై అంకెలు, వరస కూడా మారలేదు. చిన్నది మొదటి పేజీ నుంచి చివరిదాకా తన పేరు కోసం వెతుక్కుంది. ఆఖర్న కృతజ్ఞతలు చెప్పడం మాత్రం ఆయన మరిచిపోలేదు: వాచ్‌మన్‌కి, పిల్లికి.